ఆరు పొట్లాల లెక్క: విజయనగరంలో ఒక నిరాశ్రయ కుటుంబం, వారి రెండు కుక్కలు

నేపథ్యం

విజయనగరంలో రోడ్డు పక్కన పడుకునే కుటుంబాలకు బుధ, ఆదివారాల సాయంత్రం వండిన భోజనం, నెలకొకసారి బియ్యం, పప్పు, సబ్బులు, అవసరాన్ని బట్టి దుప్పట్లు అందించే ఒక చిన్న స్వచ్ఛంద బృందానికి నేను సమన్వయకర్తను. 2023 ఆగస్టు నుంచి 2024 ఏప్రిల్ వరకు మేము పనిచేసిన ఒక కుటుంబం గురించి ఇక్కడ రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా వారి వయసులు, ఉండే చోటు మార్చాను. మా నిర్ణయాలు, వాటి వరుస, వాటిలోని పొరపాట్లు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

ఆ కుటుంబంలో అరవై దాటిన మామ్మ, ఆమె కూతురు, కూతురి పిల్లలిద్దరు ఉన్నారు. మనవరాలికి పదకొండేళ్ళు, మనవడికి ఐదేళ్ళు. అల్లుడు కట్టడం పనికని చెన్నై వెళ్ళి రెండేళ్ళుగా కబురు లేకుండా పోయాడు. సొంతూరు ఈ జిల్లాలోనే ఒక మెట్ట మండలంలో ఉంది. అక్కడి పూరిల్లు కూలిపోవడంతో పట్నం చేరి, ఒక పాత ప్రహరీ గోడకు బరకం కట్టుకుని దాని కింద ఉంటున్నారు. తల్లీకూతుళ్ళు, కొన్ని రోజులు మనవరాలు కూడా, తెల్లవారకముందే బయలుదేరి అట్టలు, సీసాలు, ప్లాస్టిక్ ఏరి పాత ఇనుము కొట్టులో వేస్తారు. కొట్టు తెరిచేదాకా ఆ సరుకు గోడ పక్కనే ఉంటుంది, పిల్లలు దాని పక్కనే నిద్రపోతారు. వారితో రెండు కుక్కలున్నాయి. ఒకటి నల్లటి ఆడకుక్క, రెండోది దాని ఈతలో బతికిన ఒకే ఒక్క పిల్ల, ఏడాది వయసు మగది. మామ్మ వాటిని నల్లది, చిన్నోడు అని పిలిచేది.

సమస్య ఎలా బయటపడింది

మొదటి బుధవారం మా కార్యకర్త ఎంతమంది అని అడిగితే మామ్మ, "ఆరుగురం బాబూ, ఆరు పొట్లాలియ్యండి" అంది. ఎదురుగా కనిపించింది నలుగురు. మిగిలిన ఇద్దరూ పనికి వెళ్ళారేమో అనుకుని ఆ రోజు ఆరు ఇచ్చాడు. తర్వాతి మూడు సార్లూ నలుగురే కనిపించేసరికి మా పుస్తకంలో ఆ కుటుంబం ఎదురుగా "సంఖ్య ఎక్కువ చెబుతున్నారు" అని రాసుకున్నాం, అప్పటి నుంచి నాలుగు పొట్లాలే ఇచ్చాం. ఆ రాతకు ఒప్పుకున్నది నేనే. అదే వీధిలో శనివారాలు టిఫిన్ పంచే మరో బృందంతో మేము వివరాలు పంచుకుంటాం కాబట్టి ఆ మాట వాళ్ళకూ చేరింది, వాళ్ళూ తగ్గించారు. పుస్తకంలో రాసిన ఒక్క వాక్యం వల్ల రెండు చోట్ల ఆ పిల్లల అన్నం తగ్గింది.

నాలుగో వారం పంపకం అయ్యాక నేను అక్కడే కాసేపు ఆగాను. మామ్మ నాలుగు పొట్లాలనూ విప్పి ఒకే పెద్ద సత్తు పళ్ళెంలో పోసింది. పప్పు, అన్నం కలిపి చేత్తోనే ఆరు కుప్పలు చేసింది. రెండు కుప్పలు తీసి గోడ మూలన అరటాకు ముక్క మీద కుక్కలకు పెట్టి, అవి తినడం మొదలుపెట్టాక మనవలను పిలిచింది. తన కుప్పలోంచి మనవడి కుప్పలోకి ఒక పిడికెడు తోసి, మిగిలింది తాను తింది. నేను అడిగితే ఆమె ఏ తడబాటూ లేకుండా, "నానూ, కూతురూ, ఇద్దరు గుంటలూ, అదీ, దాని పిల్లా. ఆరుగురం కాదేటి? మా కుండలో కూడే గదా అవీ తింతాయి" అంది.

ఆమె మొదటి రోజు నుంచీ నిజమే చెప్పింది. ఎంతమంది అన్న మాటకు మా లెక్కలో ఒక అర్థం ఉంది, ఆమె లెక్కలో ఇంకో అర్థం ఉంది. నలుగురికని ఇచ్చిన అన్నంలో మూడో వంతు కుక్కలకు పోతోంది, మనిషికి దక్కుతున్నది పొట్లంలో మూడింట రెండు వంతులే. పిల్లల భోజనానికి లోటు రాకుండా చూడడమే మా పని అనుకుంటే, కుక్కలను లెక్కలోకి తీసుకోకుండా ఆ పని కాదని ఆ సాయంత్రం నాకు అర్థమైంది.

కుక్కలకు పెట్టవద్దని చెప్పవచ్చు కదా అని బృందంలో ఒకరిద్దరు అన్నారు. దానికి మామ్మే జవాబు చెప్పింది: "అవి లేకపోతే రాత్రేళ ఈ ఆడకూతుళ్ళని నాను కాయగలనా బాబూ?" రోడ్డు మీద పడుకునే ఆడవాళ్ళకు తలుపు లేదు, గడియ లేదు. తాగినవాడు దగ్గరకు రాకముందే లేచి అరిచే నల్లదే వారికి తలుపు. సరుకు పోకుండా కాసేదీ అదే. దానికి పెట్టే అన్నం వారి దృష్టిలో దానం కాదు, కాపలా ఖర్చు. అలాగని ఖర్చు లెక్క మాత్రమే అనుకున్నా పొరపాటే. మనవరాలు చిన్నోడి వీపు మీద తల పెట్టుకుని నిద్రపోవడం నేను చాలాసార్లు చూశాను.

మొదట చేసినవి, ఎందుకు ఫలించలేదు

మా మొదటి ఆలోచన కుక్కలకు వేరుగా, మనుషులకు వేరుగా ఇవ్వడం. అలా ఇస్తే మనుషుల వాటా మనుషులకే దక్కుతుందనీ, తాము ఇచ్చిన డబ్బు కుక్కలకు ఖర్చు పెడుతున్నారని దాతలు అభ్యంతరం చెప్పకుండా వేరే పద్దు చూపవచ్చనీ అనుకున్నాం. జంతుప్రేమికులైన ఒక దంపతులు కుక్కల కోసం దుకాణంలో అమ్మే పొడి గుళికల సంచి కొనిచ్చారు.

పది రోజుల్లోనే ఆ ఏర్పాటు చెడింది. మొదటి రెండు రోజులు కుక్కలు వాసన చూసి వదిలేశాయి. ఆకలేసి తిన్నాక రెండింటికీ విరేచనాలు పట్టుకున్నాయి. అలవాటైన అన్నం నుంచి కొత్త మేతకు వారం రోజులు కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలని పశువైద్యుడు తర్వాత చెప్పాడు, మేము ఆ సంగతి ముందే అడిగి ఉండాల్సింది. సెప్టెంబరు వానలకు సంచి చెమ్మగిల్లి చీమలు పట్టింది. అన్నిటికన్నా నన్ను కలచివేసింది మరొకటి: ఐదేళ్ళ బాబు ఆ గుళికలను జేబులో పోసుకుని బఠానీల్లా నములుతూ కనిపించాడు. ఆకలితో ఉన్న పిల్లవాడి పక్కన, మాంసం వాసన వచ్చే తిండిని ఇది నీది కాదని చెప్పి పెట్టినది మేమే. ఆ సాయంత్రమే ఆ పద్ధతి ఆపేశాం. పక్కన ఉన్న కుటుంబాల వారు కూడా, మాకు పప్పు చాలక మేమేడుస్తుంటే కుక్కలకు సంచుల కొద్దీ మేతా అని అడిగారు. ఆ మాటలో న్యాయం ఉంది.

రెండో ప్రయత్నం అక్టోబరులో చేశాం. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను తిరుగుతుంది. ఆ రోజుల్లో ఊరంతా జనం, ఎక్కడ చూసినా పులిహోర, సాంబారన్నం పంపకాలు. మిగిలిన అన్నం తెచ్చి ఆ కుటుంబానికి కుక్కలకు పెట్టుకోమని ఇచ్చాం. పారేసే దాన్ని సద్వినియోగం చేస్తున్నామని అప్పుడు సంతోషించాం కూడా. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉప్పూ కారం వాటికి పడవు. చిన్నోడు రెండు రోజులు లేవలేదు. జాతర మర్నాడు మధ్యాహ్నానికి ఊళ్ళో పంపకాలు ఆగిపోయాయి, మళ్ళీ నాలుగు పొట్లాలే మిగిలాయి. ఒక రోజు పొంగి తర్వాత ఎండిపోయే సాయం కన్నా, చిన్నదైనా తప్పకుండా వచ్చే సాయమే ఆ పొయ్యికి పనికొస్తుంది.

నవంబరు మొదట్లో జరిగిన ప్రమాదానికి మేమే కారణం. బండి ఆగగానే జనం గుమిగూడారు, పొట్లాలు చేతుల మీదుగా అందుతున్నాయి. ఒక పొట్లం జారి కింద పడితే చిన్నోడు దాని మీదికి ఉరికాడు. అదే పొట్లం కోసం వంగిన బాబు ముంజేతి మీద పన్ను గీరి రక్తం వచ్చింది. అప్పటికి ఆ కుక్కకు రేబిస్ టీకా లేదు. మా కార్యకర్త ఒకామె వెంటనే బాబును కుళాయి దగ్గరకు తీసుకెళ్ళి, వాడు ఏడుస్తున్నా వదలకుండా పదిహేను నిమిషాల పాటు ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో కడిగింది. ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తం వచ్చిన గాయం కనుక టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధమైన ప్రతిరక్షకాలు) కూడా వేశారు. చర్మంలోకి వేసే ఈ టీకా మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు వేయించాలి. ఇంజక్షన్లు ఉచితమే అయినా, వెళ్ళిన ప్రతిసారీ తల్లికి ఒక పూట ఏరుడు పోతుంది. నాలుగు సార్లూ మాలో ఒకరు వెంట వెళ్ళి, ఆ పూట కూలి మేమిచ్చాం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం కాబట్టి ఒక్క మోతాదు కూడా తప్పనివ్వకూడదని పట్టుబట్టాం. కుక్కను పది రోజులు కనిపెట్టి చూశాం, దానికేమీ కాలేదు.

కరిచిన కుక్కను అక్కడి నుంచి పంపించెయ్యాలని ఆ వారం మా సమావేశంలో గట్టిగానే వాదన జరిగింది. ఆకలిగా ఉన్న జంతువు ఎదుట గుంపులో అన్నం జారవిడిచింది మనమే కదా అని నేను అన్నాను. ఆ రోజు నుంచి పంపకం వరుస మార్చాం. బండి రాకముందే ఒకరు వెళ్ళి, కుక్కలను పదిహేను అడుగుల అవతల కట్టించి, వాటికి ముందు పెట్టించి, అవి తినడం మొదలుపెట్టాకే మనుషులకు కూర్చోబెట్టి వడ్డిస్తాం. చూడబోతే మామ్మ మొదటి నుంచీ చేస్తున్నది అదే.

తుపాను రాత్రి

మిచౌంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. తీరం దాటిన చోటు దూరమే అయినా మా వైపు కూడా రోజుల తరబడి వాన పట్టింది, కళ్ళాల్లో ధాన్యం తడిసింది. అప్పట్లో అమల్లో ఉన్న జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ప్రకారం పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు కనీసం వంద మంది ఉండగల వసతి గృహం ఉండాలి, కుటుంబాలకు ప్రత్యేక వసతి అన్న మాట కూడా ఆ మార్గదర్శకాల్లో ఉండేది. మేము ఒక వసతి కేంద్రంతో మాట్లాడి, ఆటో తీసుకుని సాయంత్రం గోడ దగ్గరకు వెళ్ళాం. కేంద్రం నిర్వాహకుడు మంచివాడు. పడుకునే గదిలో వృద్ధులూ, ఆయాసం ఉన్నవాళ్ళూ ఉన్నారనీ, కుక్కలను రానిస్తే వాళ్ళకు జవాబు చెప్పలేననీ అన్నాడు. ఆయన చెప్పిన కారణం కాదనలేనిది. కుక్కలను వెంటబెట్టుకుని వస్తున్నారని ముందుగా చెప్పకుండా వెళ్ళడం మా లోపం.

కూతురూ పిల్లలూ లోపలికి వెళ్ళారు. మామ్మ కుక్కలతో బరకం కిందే ఉండిపోయింది. రాత్రి ఒంటిగంటకు ఫోన్ వచ్చింది. కూతురు బాబును ఎత్తుకుని, పాపను నడిపించుకుంటూ వానలో గోడ దగ్గరకు తిరిగి వచ్చేసింది. ముసలితల్లి ఒక్కతీ తడుస్తుంటే తనకు నిద్ర ఎలా పడుతుందని ఆమె అడిగింది. మేము ఆ కుటుంబాన్ని కాపాడబోయి రెండు ముక్కలు చేశాం, వాళ్ళే తిరిగి ఒకటయ్యారు. కాకపోతే అందరూ తడిసి ముద్దయ్యారు, బాబుకు నాలుగు రోజులు జ్వరం.

ఏది పనిచేసింది

మేము మొదట మార్చింది మా పుస్తకంలోని ప్రశ్నను. "కుటుంబ సభ్యులు ఎందరు" అన్న గడి తీసేసి, "మీ కుండలో వండింది ఎవరెవరు తింటారు" అని పెట్టాం. రాసే చోట మనుషులు, జంతువులు అని రెండు వరుసలు గీశాం. అంత చిన్న మార్పుతో మరో మూడు కుటుంబాల దగ్గర మేకపిల్ల, పిల్లి, కుంటి కుక్క బయటపడ్డాయి. అవి అంతకు ముందూ మా కళ్ళ ముందే ఉన్నాయి.

తర్వాతది తిండి. పన్నెండు కిలోల కుక్కకు రోజుకు సుమారు 700 కిలోకేలరీలు కావాలి, అంటే దాదాపు 200 గ్రాముల బియ్యంలో ఉండే శక్తి. రెండు కుక్కలకు పూర్తిగా బియ్యమే పెడితే నెలకు 12 కిలోలు. ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు వచ్చేది 5 కిలోలు, కాబట్టి ఆ కుక్కలు తినేది ఇద్దరు మనుషుల రేషన్ కన్నా ఎక్కువ. ఈ లెక్క చూపించాకే మా దాతల్లో అభ్యంతరం చెప్పినవారు కూడా, ఆ బరువు పిల్లల పళ్ళెం మీద పడుతోందని ఒప్పుకున్నారు.

ఈసారి వేరే మేత కొనలేదు. నెలకు ఎనిమిది కిలోల నూకలు, రెండు కిలోల చోడి (రాగి) పిండి ఇచ్చాం. చికెన్ షాపు అతనితో మాట్లాడి, రోజు విడిచి రోజు కాళ్ళూ మెడలూ మామ్మ చేతికి ఇచ్చేలా ఏర్పాటు చేసి, నెలకొకసారి డబ్బు మేము కట్టాం. ఉడికాక ఎముకలు తీసేసి మాంసం మాత్రమే కలపాలని చెప్పాం, ఎందుకంటే ఉడికిన ఎముక పుల్లలుగా చీలి కుక్క గొంతులో గుచ్చుకుంటుంది. నూకలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. మన ఊళ్ళలో కుక్కకు నూకల జావ కాచి పోయడం కొత్తేమీ కాదు. పైగా అవసరమైతే మనుషులూ తినగలిగిన తిండి అది. బాబు ఒక ముద్ద ఎత్తుకుని తిన్నా వాడికేమీ కాదు, ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. కొన్ని రోజులు మామ్మ ఆ నూకలనే అందరికీ వండిందని నాకు తెలుసు. ఎవరి గింజ ఎవరు తిన్నారని మేము అడగలేదు. మూత ఉన్న ఒక గుండిగ కూడా ఇచ్చాం, దాంతో చీమల బాధ తీరింది.

ఇదే సమయంలో మామ్మకు సొంతూరి రేషన్ కార్డు ఉన్న సంగతి బయటపడింది. ఊరు వెళ్తే తప్ప బియ్యం ఇవ్వరనుకుని ఆమె రెండేళ్ళుగా తీసుకోలేదు. వేలిముద్ర పడితే ఉన్నచోటే తీసుకోవచ్చని చెప్పి వెంట వెళ్ళాం. ఆ వెంట వెళ్ళడానికి ఒక్క ఉదయమే పట్టింది. అన్ని నెలల పొట్లాల కన్నా ఆ ఉదయం ఎక్కువ మేలు చేసింది.

కుక్కల టీకాకూ, సాయానికీ ముడి పెట్టాలా అన్నది మేము ఎక్కువసేపు చర్చించిన ప్రశ్న. టీకా వేయిస్తేనే నూకలు అంటే పని త్వరగా అవుతుందని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. మామ్మ కుటుంబం ఒకప్పుడు వేరే చోట ఉన్నప్పుడు కుక్కలను పట్టే బండి ఒకటి వచ్చి వారి కుక్కను పట్టుకెళ్ళిందట, అది మళ్ళీ రాలేదు. ఆ భయం ఉన్న మనిషికి షరతు పెడితే బండి కనపడగానే కుక్కలను దాచేస్తుంది, మనం ఇచ్చేదీ వద్దంటుంది. అందుకని నూకలు ఇస్తూనే, పశువుల ఆసుపత్రికి మామ్మే తన చేతులతో కుక్కలను తీసుకెళ్ళేలా ఆటో మాట్లాడాం. రెండింటికీ రేబిస్ టీకా పడింది. తేదీ వేసిన కార్డులను ఆమె ఆధార్ కాగితాలతో పాటు ప్లాస్టిక్ కవరులో చుట్టి గుండిగలోనే దాచుకుంది. యజమాని ఉన్న కుక్కలని చెప్పడానికి ఆ కార్డు, మెడకు కట్టిన పట్టీ తప్ప వారికి మరో ఆధారం లేదు. రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, ఆసుపత్రులు, బడుల దగ్గరి వీధికుక్కలను తరలించాలని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించిన తర్వాత, అలాంటి చోట్ల పడుకునే కుటుంబాలన్నిటికీ మేము ముందుగా చేయిస్తున్న పని ఈ కార్డే.

నల్లదానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఫిబ్రవరిలో అయింది. ఎదకు వచ్చినప్పుడల్లా వీధిలోని మగకుక్కలన్నీ గోడ దగ్గర చేరి కొట్లాడుకోవడం వల్ల పిల్లలకు ప్రమాదం ఉందని మామ్మే ఒప్పుకుంది. ఆపరేషన్ చేసిన కుక్కను పట్టిన చోటే వదలాలని 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయని ఆమెకు చదివి వినిపించాను. అయినా ఆమె అక్కడి నుంచి కదల్లేదు, ఆసుపత్రి అరుగు మీద రోజంతా కూర్చుంది. ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా చెవి కొస కత్తిరించిన నల్లదాన్ని బయటికి తెస్తే, ముందు ఆ చెవినే చేతిలోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. కుట్లు మానేదాకా పొడి చోటు కావాలి. ఆ వెతుకులాటే చివరికి వారికి నీడ చూపించింది.

వారు సరుకు వేసే కొట్టు వెనక రేకుల షెడ్డు ఒకటి ఉంది. నల్లదాన్ని వారం రోజులు అక్కడ ఉంచనిమ్మని కొట్టు యజమానిని అడిగాం. ఆ వారంలో రాత్రిపూట చిల్లర దొంగతనాలు ఆగాయని ఆయనే అన్నాడు, కుటుంబం మొత్తాన్నీ కుక్కలతో సహా అక్కడే ఉండమన్నాడు. వసతి కేంద్రంలో అడ్డయిన కుక్కలే ఇక్కడ వారికి సిఫారసు అయ్యాయి. అయితే ఊరికే చోటిచ్చి రాత్రి కాపలా ఉచితంగా చేయించుకోవడం ఆయన ఉద్దేశం. చోటు దొరికిందన్న సంబరంలో నేను కూడా సరేనని అనబోయాను, కూతురే అడ్డుపడింది: "పని సేస్తే కూలి ఇయ్యాల గదా బాబూ." రెండు రోజులు మాట్లాడి నెలకు పదిహేను వందలకు ఒప్పించాం. ఒప్పందం కాగితం మీద రాసుకున్నాం.

నేర్చుకున్నవి

ఈ కేసు తర్వాత మా పద్ధతుల్లో నిలిచినవి ఇవి: లెక్క తేడాగా కనిపిస్తే పుస్తకంలో రాయకముందు అక్కడ కూర్చుని ఒక పూట భోజనం చూడాలి. ఒక కుటుంబం గురించి మన అనుమానాన్ని మరో బృందానికి చెప్పకూడదు, తెలిసిన సంగతి మాత్రమే చెప్పాలి. జంతువులకు ఇచ్చే తిండి మనుషులు తిన్నా హాని లేనిదై ఉండాలి. వసతికి తీసుకెళ్ళే ముందు వారి వెంట ఏ జీవాలున్నాయో అవతలివారికి చెప్పి, కాదంటే ఆ రాత్రికి వేరే పొడి చోటు వెతకాలి, కుటుంబాన్ని విడదీయకూడదు.

పశువైద్యుడిని మొదటి నెలలోనే కలిసి ఉంటే విరేచనాలూ, సాంబారన్నం పొరపాటూ తప్పేవి, బహుశా బాబు చేతికి ఆ గాటు కూడా తప్పేది. మనుషులకు పంచే బృందానికి పశువైద్యుడితో ఏం పని అని అప్పట్లో మాకు తోచలేదు.

2024 ఏప్రిల్ నాటి స్థితి

కుటుంబం షెడ్డులోనే ఉంది. మామ్మ కార్డు మీద బియ్యం వస్తున్నాయి, మేమిచ్చే నూకలు నాలుగు కిలోలకు తగ్గించాం. పాప పేరు బడిలో రాయించాం గానీ వారానికి మూడు రోజులే వెళ్తోంది, తెల్లవారుజాము ఏరుడు ఆమెకు ఇంకా తప్పలేదు. చిన్నోడికి ఆపరేషన్ కాలేదు. రెండు కుక్కలకూ ఏడాది టీకా మళ్ళీ వేయించాల్సిన తేదీని షెడ్డు రేకు మీద పాప సున్నంతో రాసి పెట్టింది.